వంటావార్పు నాటి పరీక్ష

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. గార్ల దగ్గర మా తండాలో యాడి, అంటే మా అమ్మ, ఇంటికి ఎవరొచ్చినా నన్ను చూపించి ముందే హెచ్చరించేది. తర్వాత నర్సింగు స్కూల్లో ట్యూటరమ్మ కూడా సూది పట్టే చేతికి ఇంత కోపం పనికిరాదని చెప్పి చెప్పి అలసిపోయింది. నిజం చెప్పాలంటే ఈ కోపం వల్ల నేను పోగొట్టుకున్నది పెద్దగా ఏమీ లేదు. పోగొట్టుకున్నది ఇంకొకామె. ఆమె చేసిన పొరపాటల్లా నా మాట వినడం.

ఆమెది టేకుమట్ల. పేరు రాయను. అందరూ టేకుమట్ల అక్క అనేవారు. మానుకోటలో ఇంటర్ అయ్యాక నేను భూపాలపల్లి వచ్చి, బొగ్గుబాయిలో పనిచేసే కాకా, అంటే మా చిన్నాన్న, క్వార్టరులో ఉంటూ, ఒక ప్రైవేటు నర్సింగు హోములో పనికి చేరాను. అప్పటికే ఆమె అక్కడ పదేళ్ళుగా ఉంది. రిజిస్టరులో ఆమె ఆయా. చేసేది మాత్రం నర్సు పని. సెలైన్ పెట్టడం, సూదులివ్వడం, కాన్పు గదిలో డాక్టరమ్మ వచ్చేదాకా బిడ్డ తలను అరచేత్తో కాచుకోవడం అన్నీ ఆమే. నరం దొరకని ముసలివాళ్ళు వస్తే డాక్టరుగారు కూడా సూది ఆమె చేతికిచ్చి పక్కకు జరిగేవారు. ఆమె రెండు వేళ్ళతో మెల్లగా తడిమి చూసి ఒక్కసారికే పెట్టేది. రోగులు ఆమెను సిస్టర్ అని పిలిచేవారు. జీతమిచ్చే వాళ్ళు ఆయమ్మా అని పిలిచేవారు.

ఒకసారి ఆరోగ్యశాఖ వాళ్ళు తనిఖీకి వస్తున్నారని ముందే కబురు తెలిసింది. చదివిన కాగితం లేని వాళ్ళంతా తెల్లకోట్లు విప్పెయ్యాలన్నారు. నన్ను బయట రోగుల చుట్టాల మధ్య కూర్చోమన్నారు. అక్కను ఎక్కడ పెట్టాలో తోచక ఒక ఖాళీ మంచం మీద పడుకోబెట్టి మెడదాకా దుప్పటి కప్పారు. వచ్చిన అధికారి సరిగ్గా ఆ మంచం దగ్గరే ఆగి ఏం జబ్బమ్మా అని అడిగాడు. కడుపునొప్పి అని చెప్పింది. ఆయన వెళ్ళాక మేమందరం పొట్ట పట్టుకుని నవ్వాం, ఆమె కూడా నవ్వింది. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా మూత తీసి మళ్ళీ పెట్టేసింది.

"పదేండ్ల సంది గీ మంచాలు సదురుతున్న. ఇయ్యాల దొంగలెక్క గదే మంచంల పండిన చెల్లె," అంది.

నర్సు కోర్సు చేయాలన్న మాట ఆమె నోట మొదటిసారి విన్నది ఆ రోజే. అప్పటికి ఆమెకు ముప్పై నాలుగు నడుస్తోంది. ఓపెన్ స్కూల్లో పది, ఆ తర్వాత ఇంటర్, ఒక్కో సబ్జెక్టే పాసవుతూ దాటుకొచ్చింది. అదీ ఆర్ట్స్ గ్రూపు. నాదీ ఆర్ట్స్ గ్రూపే. మా తండా పిల్లలకు సైన్సు రాదని మానుకోటలో ఎవరో సారు మా నాయినకు చెప్తే ఆయన నమ్మేశాడు. జనగామలో ఒక నర్సింగు స్కూలు మమ్మల్ని తీసుకోవడానికి ఒప్పుకుంది కానీ ఒక షరతు పెట్టింది. ఆర్ట్స్ వాళ్ళు ముందుగా జీవశాస్త్రం, రసాయనశాస్త్రం, భౌతికశాస్త్రం, వాటితోపాటు ఇంగ్లిషు, కొంచెం మనస్తత్వశాస్త్రం ఉన్న ఒక కోర్సు పాసై రావాలి. భూపాలపల్లిలో అలాంటిది చెప్పేవాళ్ళెవరు? ఆంధ్ర వైపున్న ఒక సంస్థ ఇంటర్నెట్లో చెబుతుందని, పరీక్ష కూడా అందులోనే రాయొచ్చని, ఆ సర్టిఫికెట్ తెస్తే చాలని స్కూలువాళ్ళే దారి చూపించారు.

పరీక్ష ఏడాదికి రెండుసార్లు. ముప్పై అయిదు దాటినవాళ్ళను నర్సింగు స్కూలు తీసుకోదు. లెక్క వేస్తే అక్కకు వీలయ్యే పరీక్ష ఒక్కటే వచ్చింది. అది తప్పితే ఆమె బతుకంతా ఆయానే. ఈ సంగతి మొదటి రోజు నుంచీ మా ఇద్దరికీ తెలుసు. నాకైతే అప్పుడు ఇరవై.

బస్టాండు దగ్గర ఒక ఇంటర్నెట్ సెంటరుండేది. దాన్ని నడిపే అన్న బొగ్గుధూళి పడకుండా నాలుగు కంప్యూటర్లకూ తువ్వాళ్ళు కప్పేవాడు. మధ్యాహ్నం రోగులు పలచబడే వేళ, రెండు నుంచి నాలుగు దాకా, మేం అక్కడికి వెళ్ళేవాళ్ళం. ఇద్దరికీ ఒకటే హెడ్‌ఫోను. ఒక గిన్నె ఆమె చెవికి, ఇంకో గిన్నె నా చెవికి పెట్టుకుని తలలు ఆనించి కూర్చునేవాళ్ళం. పాఠం మధ్యలో తెర మీద గుండ్రంగా ఏదో తిరగడం మొదలయ్యేది, సారు నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఆగిపోయేవాడు. ఆయన నోరు మూసేలోపు ఒక చాయ్ తాగి రావచ్చని సెంటరన్న ఎగతాళి చేసేవాడు. అక్కకు మౌసు అంటే భయం. తన చెయ్యి తగిలితే ఏదో కాలిపోతుందని దాని జోలికి పోయేది కాదు. ఇద్దరి ఐడీలు, పాస్‌వర్డులు రాసిన చీటీలు నా పర్సులోనే ఉండేవి. క్లాసు తెరవడం, మూయడం, జవాబులు కొట్టడం నా పని. అర్థం చేసుకోవడం ఆమె పని.

ఇది మాటవరసకు అనడం లేదు. నేను పేర్లు బట్టీ పట్టేదాన్ని, ఆమెకు సంగతి తెలిసేది. కణం పొర గుండా నీళ్ళు ఎటు నుంచి ఎటు పోతాయో సారు మూడు బొమ్మలు గీసినా నాకు ఎక్కలేదు. మామిడికాయ ముక్కలకు ఉప్పు పెడితే నీళ్ళు ఊరవా, అంతే అని ఆమె తేల్చేసింది. తుంటి దగ్గర నుంచి కాలిలోకి దిగే పెద్ద నరం పాఠం వచ్చిన రోజున ఆమె తెరకు దగ్గరగా ముఖం పెట్టి చాలాసేపు చూసింది. తుంటిలో సూది ఇచ్చేటప్పుడు ఆ చోటు తగలకూడదని పదేళ్ళుగా ఆమె వేళ్ళకు తెలుసు. దానికొక పేరుందని మాత్రం తెలియదు. "సయాటిక్, సయాటిక్" అనుకుంటూ నోటుబుక్కులో పదిసార్లు రాసుకుంది. ఆ మధ్యాహ్నం ఆమె ముఖం చూసి నాకు అసూయ కలిగింది. నాకు చదువు అంత సంతోషం ఎప్పుడూ ఇవ్వలేదు.

వారానికొకసారి అనుమానాలు తీర్చే క్లాసు ఉండేది. అందులో మైకు నొక్కి అడగొచ్చు, ఎక్కడెక్కడి పిల్లలో వింటారు. గుండె పాఠం అయ్యాక అక్క ధైర్యం చేసింది. నేను మైకు నొక్కి పట్టుకున్నాను.

"సార్, గుండెకాయల నాలుగు అర్రలుంటయని చెప్పిన్రు గదా. పుట్టంగనె గా నడిమి గోడకు పొక్కవడ్డ పిల్లను మా దవాఖానకు తెచ్చిన్రు. నెత్తురు ఎటుకెల్లి ఎటు వోతది సార్?"

ఎవరో కిసుక్కున నవ్వారు. ఇంకెవరో 'అర్రలంట, పొక్కంట' అని సినిమాల్లో మావాళ్ళని వెక్కిరించే యాసలో అన్నారు. ఇక అందరూ అందుకున్నారు. సారు కూడా నవ్వి, కొంచెం మంచి తెలుగులో అడగమ్మా అన్నాడు.

అక్క వైపు గదిని అర్ర అనీ, రంధ్రాన్ని పొక్క అనీ అంటారు. నాకు ఒళ్ళు మండిపోయింది. మా ఇంటి భాష తెలుగే కాదు. తెలుగు నేను బడిలో దెబ్బలు తిని నేర్చుకున్నాను. మానుకోటలో నా తెలుగు లంబాడీ తెలుగని నవ్వేవాళ్ళు. ఆ నవ్వినవాళ్ళ తెలుగు కూడా తెలుగు కాదని ఇప్పుడు ఇంకెవరో నవ్వుతున్నారు. హెడ్‌ఫోను లాగి బల్ల మీద కొట్టాను. అక్క దాన్ని తీసి రెండు చేతులతో చెవికి అదుముకుంది. సారు జవాబు చెప్తున్నాడు ఆగమని నాకు సైగ చేసి, ఆయన చెప్పిందంతా రాసుకుంది. బయటికొచ్చాక కూడా ఆమెకు కోపం లేదు. నవ్వితే నవ్వనీ, జవాబు మంచిగా చెప్పాడు కదా అంది. పాలు తాగేటప్పుడు ఆ పిల్లకు ఆయాసం ఎందుకు వచ్చేదో ఇప్పుడు తెలిసిందంది. నాకు మాత్రం ఆ జవాబు వినపడలేదు. ఆ నవ్వే వినపడుతూ ఉండిపోయింది.

అంతలోనే తెలంగాణ కోసం సమ్మె వచ్చింది. ఒక్క గని కాదు, ఒక్క ఆఫీసు కాదు, అంతా ఆగింది. బస్సులు లేవు, బడులు లేవు. షిఫ్టు మారినప్పుడల్లా కూసే సైరన్ ఆగిపోయేసరికి క్వార్టర్లలో పొద్దు గడవడమే తెలిసేది కాదు. బొగ్గు ఆగాక కరెంటు ఆగడం మొదలైంది. మా కాకా రోజూ పొద్దున్నే తువ్వాలు భుజాన వేసుకుని దీక్షా శిబిరానికి పోయేవాడు. పిల్లలు ప్రాణాలు తీసుకుంటున్న రోజులవి. రైల్వే స్టేషన్లో రాళ్ళు, తూటాలు చూసిన మానుకోటలో చదివినదాన్ని, నేను ఇంట్లో ఎలా కూర్చుంటాను? డ్యూటీ దిగగానే ఊరేగింపుల్లో ఉండేదాన్ని. నినాదం ఎత్తుకుంటే నా గొంతు సెంటరు నుంచి క్వార్టర్ల దాకా వినపడేది. తెలంగాణ కావాలని నేను మనసారా కోరుకున్నాను. ఆ మాటలో ఇప్పటికీ నాకు సిగ్గు లేదు.

ఆ రోజుల్లో మావైపు పిల్లలందరికీ ఒక తెలివి అబ్బింది. అనుకున్న రోజున జరిగిన పరీక్ష నాకైతే ఒక్కటి కూడా గుర్తులేదు. పరీక్ష యథాతథం అని అధికారులు సాయంత్రం దాకా గట్టిగా చెప్పేవారు. చీకటి పడేసరికి టీవీలో కింద వాయిదా అని అక్షరాలు పరుగెత్తేవి. అందుకని యథాతథం అన్న మాట వినగానే మేం పుస్తకాలు మూసేసేవాళ్ళం. ఆ మాట వచ్చిందంటే వాయిదా ఖాయమని అర్థం చేసుకునేవాళ్ళం. నమ్మి చదివినవాడిని చూసి పాపం పిచ్చోడని నవ్వేవాళ్ళం.

మా పరీక్ష రోజున భూపాలపల్లి మెయిన్ రోడ్డు మీద వంటావార్పు పెట్టారు. అంటే రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి అక్కడే వండుకుని అక్కడే తినడం, బండి అన్నది కదలకుండా చేయడం. పరీక్షకు రెండు రోజుల ముందు మేం సెంటరుకు వెళ్ళినప్పుడు సంస్థ పేజీ మీద ఎర్ర అక్షరాలు కనిపించాయి. పరీక్ష అనుకున్న రోజునే, పది నుంచి ఒంటిగంట వరకు జరుగుతుందని ఇంగ్లిషులో ఉంది. అక్క అప్పుడు గుమ్మం దగ్గర సెంటరన్నతో కరెంటు గురించి మాట్లాడుతోంది. నేను చదివాను, పేజీ మూసేశాను. మామూలే, రేపు సాయంత్రానికి మారుస్తారు అనుకున్నాను. ఆమెకు చెప్పలేదు. ఇది ఇంతవరకు నేను ఎవరికీ చెప్పని మాట.

సెంటరన్న ఉద్యమంలో మాకంటే ముందున్నవాడు. అతని షట్టరు మీద జెండా కట్టి ఉండేది. అయినా ఆ రోజు మా ఇద్దర్నీ ఆపి, బందయితే ఏమిటి, వెనక దర్వాజ తీసి ఉంచుతానన్నాడు. ఇన్వర్టరు బ్యాటరీ మా పరీక్ష కోసమే దాచి పెట్టాడట, పిల్లలెవర్నీ ఆటలు ఆడనివ్వడం లేదట. అక్క భర్త గనిలో కాంట్రాక్టు కూలీ, ఆయనా సమ్మెలోనే ఉన్నాడు. ఆయన కూడా నువ్వు పోయి రాసి రా, ఉద్యమం సంగతి నేను చూసుకుంటానన్నాడట. అందరూ ఒప్పుకున్నారు. ఒప్పుకోనిది నేనొక్కదాన్నే.

పరీక్ష రోజు పొద్దున్నే అక్క తలస్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని మా క్వార్టరుకు వచ్చింది. చేతిలో కొత్త పెన్ను. కంప్యూటర్ పరీక్షకు పెన్ను ఎందుకని నేను నవ్వాను. వట్టి చేతులతో పరీక్షకు ఎట్లా పోతామంది. నేను అప్పటికే కాకా భార్య, మా కాకీతో కలిసి బియ్యం మూట సర్దుతున్నాను. నేను రోడ్డు మీదికి పోతున్నానని అర్థమయ్యాక ఆమె గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఊరంత ఒక దారైతె ఉలిపికట్టెదొక దారి అన్నట్టు, అందరు రోడ్డు మీద ఉంటె మనం ఎనక దర్వాజల దూరి, గా నవ్వినోళ్ళ పరీక్ష రాద్దామా అక్కా?" అన్నాను. "ఇయ్యాల ఏ పరీక్ష జరగది. వాయిదా వడ్తది. నా మాట మీద నమ్మకం లేదా?"

ఆమె నా ముఖం చూడలేదు. నా పర్సు వైపు చూసింది. చీటీలు అందులో ఉన్నాయి. ఇవ్వమని అడిగితే ఇచ్చేదాన్నేమో. అడగలేదు. అడిగినా కంప్యూటరు తెరవడం ఆమెకు రాదని ఇద్దరికీ తెలుసు.

"నాకు గిదొక్కటే ఉన్నది చెల్లె," అంది మెల్లగా. "నీకు తెల్వంది గాదు."

తెలుసు కాబట్టే చెబుతున్నానన్నాను. పెన్ను రవికెలో పెట్టుకుని నా వెంట వచ్చింది.

రోడ్డు మీద రాళ్ళ పొయ్యిలు వెలిగాయి. బతుకమ్మ రోజులు కావడంతో ఆడవాళ్ళు తంగేడు పూలు తెచ్చి రోడ్డు నడుమనే పేర్చారు. అక్క ఊరికే కూర్చోలేని మనిషి. ఎవరో అన్నం మాడబెడుతున్నారని గరిటె అందుకుంది. గంటలోపు ఆ వంటంతా ఆమె చేతిలోకి వచ్చింది. బియ్యం కడిగేవాళ్ళకు, కట్టెలు పెట్టేవాళ్ళకు ఆమే పనులు చెబుతోంది. నేను నినాదాల దగ్గర ఉన్నాను. పదికి ఒకసారి నా వైపు వచ్చి టైమెంత అని అడిగింది. పదకొండున్నరకు మళ్ళీ వచ్చింది. ఇప్పుడు పోయినా గంటన్నర ఉంటుంది కదా, ఒక్కసారి సెంటరన్నకు ఫోనన్నా చెయ్యమంది. వాయిదా వేసే ఉంటారు, నువ్వు పరేషాన్ కాకని పంపేశాను. ఫోను నా చేతిలోనే ఉంది. చేస్తే ఏం వినాల్సి వస్తుందోనని చేయలేదు.

పన్నెండు దాటాక నన్ను మాట్లాడమన్నారు. తండా పిల్లకు మైకు ఇవ్వడం అక్కడ అదే మొదటిసారి. నాకు ఏం మాట్లాడాలో ముందే తెలుసు. మా అక్క ఒక ప్రశ్న అడిగితే మన భాషను చూసి ఎట్లా నవ్వారో చెప్పాను. గుండె గురించి అడిగిన మనిషి గుండె కోశారని చెప్పాను. ఆ అక్క అదుగో, మీకు బువ్వ వండుతోందని చెయ్యి చూపించాను. జనమంతా లేచి చప్పట్లు కొట్టారు. ఈలలు వేశారు. ఆమె అన్నం నిండిన డేగిశా పక్కన గరిటె పట్టుకుని, ముఖమంతా పొగ, తల వంచుకుని నిలబడింది. సిగ్గుపడుతోంది అనుకున్నాను. మైకు ఇచ్చేసి ఫోను చూసుకుంటే ఒంటిగంటకు పది నిమిషాలుంది. సెంటరన్న నుంచి మూడు మిస్డ్ కాల్స్ ఉన్నాయి.

మర్నాడు వెనక దర్వాజ నుంచే వెళ్ళి పేజీ తెరిచాం. ఇద్దరి పేర్ల ఎదురుగా గైర్హాజరని ఉంది. సెంటరన్న నన్ను ఏమీ అనలేదు. పదింటి నుంచి ఒంటిగంట దాకా కంప్యూటరు పెట్టుకుని మా కోసం కూర్చున్నానని మాత్రం చెప్పాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అప్పుడు సంస్థకు ఫోను చేశాను. అవతల అమ్మాయి చాలా మర్యాదగా మాట్లాడింది. పరీక్ష జరుగుతుందని ముందే పేజీలో పెట్టామండీ, చూడలేదా అంది. మీ వైపు నుంచే జనగామ పిల్లలు కూడా రాశారంది. ఫోను పెట్టేశాక అక్క ఏమన్నారని అడిగింది. వాళ్ళు మన మాట వినడం లేదన్నాను. తప్పంతా వాళ్ళదే అన్నట్టు, గట్టిగా అన్నాను.

బస్సులు మొదలవగానే ఇద్దరం జనగామ వెళ్ళాం. నర్సింగు స్కూలు ప్రిన్సిపాలమ్మ మా అర్జీ చదివి, మమ్మల్ని కూర్చోబెట్టి నీళ్ళిచ్చింది. ఆమె చెడ్డమనిషి కాదు. నాకు వచ్చేసారి రాయమంది. అక్క పుట్టినతేదీ రెండుసార్లు చూసి, వేళ్ళ మీద లెక్కపెట్టి, తలాడించింది. తన చేతుల్లో లేదంది. తిరుగు ప్రయాణంలో నేను కిటికీకి తల ఆనించి ఏడ్చాను. ఓదార్చింది ఆమే. నీకు ఇంకా ఏళ్ళున్నాయి, చదువు ఆపకు అంది. తిట్టి ఉంటే నాకు తేలికగా ఉండేది. ఆమె తిట్టదని నాకు ఆమె మీదే కోపం వచ్చింది. నా కోపం అలాంటిది.

తర్వాతి పరీక్షకు ఆమే నన్ను కూర్చోబెట్టి చదివించింది. తన నోటుబుక్కు ఇచ్చేసింది. మధ్యాహ్నాలు నాతోపాటు సెంటరుకు వచ్చి, రెండో గిన్నె చెవికి పెట్టుకుని, తనకు ఇక అక్కరలేని పాఠాలన్నీ మళ్ళీ విన్నది. నేను పాసయ్యాను. జనగామలో చేరాను. కోర్సులో నాకు గుండె పాఠం వచ్చిన రోజున, గోడకు రంధ్రం ఉంటే రక్తం ఎటు పోతుందో ఎవరైనా చెప్పగలరా అని ట్యూటరమ్మ అడిగింది. నేను లేచి అక్క నోటుబుక్కులో ఉన్నది ఉన్నట్టు చెప్పాను. అందరూ నన్ను మెచ్చుకున్నారు.

నేను జనగామ హాస్టల్లో ఉండగానే తెలంగాణ వచ్చింది. గులాలు చల్లుకున్నాం, మెస్సులో స్వీటు చేశారు, నేను అలసిపోయేదాకా ఆడాను. అక్కకు ఫోను చేస్తే ఆమె కూడా సంతోషంగానే మాట్లాడింది, వెనక డప్పులు వినపడ్డాయి.

కోర్సు అయిపోయాక ఆమెను చూడ్డానికి భూపాలపల్లి వెళ్ళాను. నర్సింగు హోము మీద ఇంకో అంతస్తు లేచింది. ఆమె పక్కగదిలో బల్ల ముందు కూర్చుని గాజుగుడ్డ ముక్కలు మడతపెడుతోంది. చెంపల దగ్గర నెరిసింది. నన్ను చూసి లేచి నిలబడబోయింది, నేను చేయి పట్టుకుని కూర్చోబెట్టాను. ఎర్ర అక్షరాల సంగతి చెప్పెయ్యాలని దారంతా మాటలు కూడగట్టుకుని వచ్చాను. నేను నోరు తెరిచేలోపే ఆమె అడిగింది. కొత్త రాష్ట్రంలో సర్కారు కొలువులకు వయసు పెంచారంట కదా, ఉద్యమంలో పోయిన ఏళ్ళకు బదులుగా ఇస్తున్నారంట కదా, మరి నర్సు చదువుకు కూడా పెంచుతారా అని. ఆ మాట అడగడానికి నా కోసం ఎన్నాళ్ళ నుంచి చూస్తోందో.

నేను అప్పటికే జనగామలో ప్రిన్సిపాలమ్మను అడిగి ఉన్నాను. కొలువులకే పెంచారక్కా, చదువుకు కాదు అని చెప్పాను. ఆమె చేతిలోని ముక్కను మడిచి పెట్టె మీద పెట్టింది. ఇంకొకటి తీసుకోలేదు.

"ఒక్కటి అడుగుత. నిజం చెప్పాలె నువ్వు," అంది.

అడగమన్నాను.

"గా దినం నేను రోడ్డు మీద బువ్వ వండకపోయినా తెలంగాణ వచ్చేదే గదా?"

అంత మంది జనం, అన్ని పొయ్యిలు, అన్ని రోజులు నా కళ్ళ ముందు తిరిగాయి. కాదని చెప్పడానికి ఒక్క మాట దొరికినా చెప్పేదాన్ని.

"వచ్చేదే అక్కా," అన్నాను.

ఆమె తల ఊపింది. తనకూ అట్లనే అనిపించిందంది. తర్వాత గాజుగుడ్డ దగ్గరికి లాక్కుని మళ్ళీ మడతపెట్టడం మొదలుపెట్టింది. నేను చెప్పాలని వచ్చిన మాట చెప్పకుండానే సాయంత్రం బస్సెక్కాను.